లాన్ ట్రాక్టర్ స్టార్టర్ సగంలో ఆగిపోతోంది, కార్బ్యురేటర్‌లోంచి ఫట్‌మని పేలుతోంది: వాల్వుల సమస్యేనా?

ఒహాయో_తోటమాలి:

అందరికీ నమస్కారం. కొలంబస్‌కి కాస్త దూరంగా ఎకరంన్నర స్థలంలో ఇల్లు కొన్నాం, ఇంటితో పాటు పాత ఓనర్ ఒక లాన్ ట్రాక్టర్ కూడా వదిలేసి వెళ్ళాడు. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లు ఉండే అడుగు భాగం), 17.5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజన్, గాలితో చల్లబడేది, వాల్వులు పైన హెడ్‌లో (సిలిండర్ పైమూతలో) ఉండే రకం. పోయిన సీజన్ అంతా బాగానే కోసింది. అక్టోబర్‌లో చివరిసారి కోసేటప్పుడు మాత్రం ఇంజన్ బాగా వేడెక్కిన వాసన వచ్చింది, గడ్డి ఎత్తుగా ఉన్న చోట పవర్ తగ్గినట్టు కూడా అనిపించింది. తర్వాత చలికాలం మొత్తం షెడ్‌లోనే ఉంది.

ఇప్పుడు ఏప్రిల్‌లో తీస్తే ఇదీ పరిస్థితి. కీ తిప్పితే స్టార్టర్ కొంచెం తిప్పి, ఏదో గట్టిగా అడ్డం తగిలినట్టు ఆగిపోతోంది. వదిలి మళ్ళీ తిప్పితే ఒక్కోసారి దాటుతుంది, అప్పుడు కార్బ్యురేటర్ వైపు నుంచి ఫట్‌మని శబ్దం, ఎయిర్ ఫిల్టర్ దగ్గర కాస్త పొగ. సైలెన్సర్ వైపు నుంచి మాత్రం చప్పుడు కూడా లేదు. ప్లగ్ కొత్తది వేశాను, స్పార్క్ వస్తోంది. పాత గ్యాస్ (పెట్రోల్) తీసేసి కొత్తది పోశాను, ఏం తేడా లేదు.

దగ్గర్లో ఉన్న రిపేర్ షాపులో ఫోన్లో అడిగితే చూడకుండానే ఇంజన్ పోయింది, కొత్తది వేయించుకో అన్నారు. ఇంజనూ కూలీ కలిపితే ట్రాక్టర్ విలువే దాటిపోతుంది. నా దగ్గర సాకెట్ సెట్టు ఉంది, ఓపిక ఉంది, సాయంత్రాలు టైమూ ఉంది. వాల్వ్ కవర్ నేనే తీయొచ్చా? తీస్తే ఏం చూడాలి? మే వచ్చిందంటే ఇక్కడ గడ్డి ఆగదు, ఎత్తు పెరిగితే టౌన్‌షిప్ వాళ్ళు నోటీసు పంపిస్తారు, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

షార్లెట్_పెరడు:

బ్రో, ఇంజన్ విప్పే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకో. చలికాలమంతా షెడ్‌లో ఉన్న బ్యాటరీని నమ్మకూడదు. మల్టీమీటర్ పెట్టి చూడు, ఫుల్ చార్జ్‌లో 12.6 వోల్టులు ఉండాలి, స్టార్టర్ తిప్పేటప్పుడు 9 కిందకి పడిపోతే బ్యాటరీయే అనుకోవచ్చు. వైర్లు బిగించిన చోట తుప్పు ఉంటే గీకేయ్. ఇంకొకటి, ప్లగ్ పీకేసి కీ తిప్పి చూడు. గిర్రున తిరిగితే ఇంజన్ పట్టేయలేదని అర్థం.

ఫ్లైవీల్ కీ కూడా ఒకసారి చూడాలి, అంటే క్రాంక్ మీద తిరిగే బరువైన చక్రాన్ని (ఫ్లైవీల్) దాని చోట పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. బ్లేడు ఏ రాయికో మొద్దుకో తగిలితే ఆ చిన్న కీ తెగి ఫ్లైవీల్ కొంచెం పక్కకి జరుగుతుంది, స్పార్క్ టైమింగ్ తప్పుతుంది, స్టార్టర్ వెనక్కి తన్నినట్టు ఆగుతుంది, కార్బ్యురేటర్‌లోంచి పేలడం కూడా దాని వల్ల రావచ్చు.

తెనాలి_వీడర్_మెకానిక్:

బ్యాటరీ చూడమన్నది మంచి మాటే, రెండు నిమిషాల పని, చూసేయండి. కానీ కార్బ్యురేటర్‌లోంచి పేలుతోంది, సైలెన్సర్ వైపు చప్పుడే లేదు అని రాశారు చూడండి, అక్కడే నాకు అసలు జబ్బు కనపడుతోంది. నేను ఇక్కడ తెనాలిలో పవర్ వీడర్లు, స్ప్రేయర్లు, చిన్న జనరేటర్లు బాగుచేస్తాను. లాన్ ట్రాక్టర్ నా షాపుకి రాదు గానీ లోపల ఉన్నవి అవే: కామ్‌షాఫ్ట్ తిరుగుతూ ట్యాపెట్‌ని తోస్తుంది, అది పుష్ రాడ్ అనే సన్నటి కడ్డీని, ఆ కడ్డీ రాకర్ అనే చిన్న మీటని, రాకర్ వాల్వుని తోస్తుంది. సైజు తేడా అంతే.

మీ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం లేదని నా అనుమానం. లోపల మండుతోంది, స్పార్క్ ఉంది కాబట్టి. మండిన పొగ ఎగ్జాస్ట్ దారిన బయటికి పోవాలి. ఆ తలుపు తెరుచుకోకపోతే పిస్టన్ దాన్నే మళ్ళీ నొక్కుతుంది, తర్వాత ఇన్‌టేక్ వాల్వు (గాలీ పెట్రోలూ లోపలికొచ్చే తలుపు) తెరుచుకోగానే ఆ ఒత్తిడంతా వెనక్కి, అంటే కార్బ్యురేటర్ వైపుకి తన్నుకొస్తుంది. అదే మీరు విన్న ఫట్. అదే ఇన్‌టేక్ పుష్ రాడ్ పడిపోయి ఉంటే అసలు గాలీ పెట్రోలూ లోపలికే రావు, ఇంజన్ దగ్గు కూడా దగ్గదు. రెంటికీ తేడా ఇలా బయటి నుంచే పట్టుకోవచ్చు.

ఇక స్టార్టర్ ఆగిపోవడం. ఇది చాలామందికి తెలియదు, అందుకే ఊరికే బ్యాటరీలు, స్టార్టర్లు మార్చేస్తుంటారు. ఆ చిన్న స్టార్టర్ మోటారుకి పూర్తి కంప్రెషన్ మీద పిస్టన్‌ని దాటించే బలం ఉండదు. అందుకని కామ్‌షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ అని చిన్న ఏర్పాటు పెడతారు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది ఒక వాల్వుని, చాలా ఇంజన్లలో ఎగ్జాస్ట్‌ని, కంప్రెషన్ స్ట్రోక్‌లో కొంచెం ఎత్తి పట్టుకుంటుంది, గాలి కాస్త బయటికి పోయి స్టార్టర్‌కి బరువు తగ్గుతుంది. ఇంజన్ అందుకుని స్పీడు పెరగగానే ఆ ఏర్పాటులోని బరువు బయటికి విసురుకుని, ఎత్తడం మానేస్తుంది. ఎత్తేది మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య ఉండే సందు) బాగా పెరిగినా చాలు, ఆ ఎత్తు గ్యాప్‌లోనే తినుకుపోతుంది, వాల్వు లేవదు, స్టార్టర్ ఆగిపోతుంది. పుష్ రాడ్ అసలు లేకపోతే చెప్పేదేముంది. మీ రెండు జబ్బులకీ కారణం ఒక్కటే అనుకుంటున్నాను.

కవర్ తీయడం మీ చేతిలో పనే. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు పీకండి, ప్లగ్ క్యాప్ తీసి దూరంగా పెట్టండి, ప్లగ్ కూడా తీసేయండి. వాల్వ్ కవర్ బోల్టులు విప్పి మెల్లగా ఊడబెరకండి, గాస్కెట్ అతుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, అల్యూమినియం గీత పడితే తర్వాత ఆయిల్ కారుతుంది. ఇప్పుడు ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పుతూ రెండు రాకర్లూ చూడండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వూ ఒక్కోసారి దిగి లేవాలి. ఒకటి కదలకపోతే దాని పుష్ రాడ్ వంగి పక్కకి పడి ఉంటుంది. బయటికి తీసి గాజు పలక మీద దొర్లించండి, కొంచెం వంకర ఉన్నా తెలిసిపోతుంది. కొన్ని ఇంజన్లలో ఒక రాడ్ అల్యూమినియం, ఒకటి స్టీల్ ఉంటాయి, ఏది ఏ వైపుదో గుర్తు పెట్టుకుని తీయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. రాడ్ వంగి ఉంటే కొత్త రాడ్ కొని వేసి మూసేయకండి. రాడ్ దానంతట అది వంగదు. వాల్వు కిందకి పోలేక అడ్డం తిరిగితే, కామ్ మాత్రం తోయడం ఆపదు కాబట్టి మధ్యలో ఉన్న సన్నటిది వంగుతుంది. వాల్వు ఎందుకు దిగలేదో తేలకపోతే కొత్త రాడ్ కూడా అదే దారి పడుతుంది.

డాలస్_గ్యారేజ్:

తెనాలి గారు చెప్పింది అక్షరాలా నిజం, ఇక్కడ వసంతంలో ఇవే కేసులు ఎక్కువ. పాత గ్యాస్ ఎండిపోయి జిగురులా మారి ఇన్‌టేక్ వాల్వు కాడని గైడ్‌లో (కాడ జారే గొట్టంలో) అంటించేస్తుంది, మొదటిసారి స్టార్ట్ చేయగానే రాడ్ వంగుతుంది. ఎగ్జాస్ట్ వైపైతే కార్బన్ గానీ, వేడికి గైడ్ జరగడం గానీ.

వాల్వు పట్టేసిందో లేదో హెడ్ తీయకుండానే చూడొచ్చు. పిస్టన్ కింద ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి శుభ్రమైన నైలాన్ తాడు చాలా భాగం లోపలికి దూర్చి, ఒక కొస బయటే ఉంచి, పిస్టన్ తాడుకి ఆనేదాకా ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. తాడు కింది నుంచి వాల్వులని పట్టుకుని ఉంటుంది కాబట్టి అవి సిలిండర్‌లో పడిపోవు. అప్పుడు వాల్వు స్ప్రింగ్ నొక్కి, దాన్ని పైన పట్టి ఉంచే రిటైనర్ తీసేయొచ్చు. తర్వాత పిస్టన్‌ని కాస్త కిందకి దించి వాల్వు కాడని వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ ఆడించు, చుట్టూ తిప్పు. నూనెలో కదిలినట్టు హాయిగా కదలాలి. కొసని మాత్రం వదలకు.

హ్యూస్టన్_22:

ఇంత కష్టం దేనికండీ? పాతది అమ్మేసి బ్యాటరీతో నడిచేది కొనుక్కుంటే ట్యాపెట్లు, ఆయిలు, ఏ గొడవా ఉండదు. మీ టైముకి కూడా విలువ ఉంది కదా.

డాలస్_గ్యారేజ్:

హ్యూస్టన్ గారూ, ఎకరంన్నర కోయగలిగే బ్యాటరీ ట్రాక్టర్ ధర ఒకసారి చూడండి. ఆయన అడిగింది ఇంజన్ ఎలా చూడాలని, చేతిలో టైముంది అని కూడా రాశారు. డెక్, ట్రాన్స్‌మిషన్ బాగున్న బండిని ఒక రాడ్ కోసం పారేయడం నాకు మనసొప్పదు.

ఒహాయో_తోటమాలి:

అన్నలిద్దరికీ చాలా థాంక్స్. బ్యాటరీ 12.6 ఉంది, ప్లగ్ తీస్తే గిర్రున తిరిగింది. కవర్ తీశాను. తెనాలి అన్న చెప్పినట్టే ఎగ్జాస్ట్ పుష్ రాడ్ వంగిపోయి, రాకర్ కింద నుంచి జారి హెడ్‌లో పక్కకి ఒరిగి ఉంది. గాజు మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడుతోంది. ఇన్‌టేక్ వైపు బాగుంది, రాడ్ తిన్నగా ఉంది, రాకర్ సరిగ్గా కదులుతోంది.

తాడు పద్ధతిలో ఎగ్జాస్ట్ స్ప్రింగ్ తీసి చూశాను. వాల్వు పట్టేయలేదు, బాగానే ఆడుతోంది. దాంతో అయోమయంలో పడ్డాను. మరి రాడ్ ఎందుకు వంగింది? గైడ్ జరగడం అని డాలస్ అన్న రాశాడు కదా అని రెండు గైడ్లూ పోల్చి చూశాను. ఇన్‌టేక్ గైడ్ హెడ్ పైకి ఎంత వచ్చి ఉందో కాలిపర్‌తో కొలిచి, ఎగ్జాస్ట్‌ది కొలిస్తే అది ఇంచుమించు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పైకి ఉంది. స్ప్రింగ్ పైన ఉండే రిటైనర్ తిరగేసి చూస్తే లోపలి అంచున గుండ్రంగా ఒక మెరుపు చార, గైడ్ పై అంచు కూడా కొట్టుకుని చదునైపోయింది. రెండూ ఒకదానికొకటి తగిలాయన్నమాట.

ఫ్లైవీల్ మీది షీట్ కవర్ కూడా విప్పాను. హెడ్ ఫిన్ల (గాలికి చల్లబడే రేకుల) మీద ఎగ్జాస్ట్ వైపంతా ఎలుక గూడు, దాని మీద ఎండుగడ్డి దుమ్ము పిడచలా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులుగా వచ్చింది. గాలి పోయే సందే లేదు. అక్టోబర్‌లో వచ్చిన వేడి వాసన ఇదేనా?

గైడ్‌ని సుత్తితో కొట్టి కిందకి దింపేస్తే సరిపోతుందా?

తెనాలి_వీడర్_మెకానిక్:

అదేనండీ, ఆ వేడే. చాలా బాగా చూశారు, ముఖ్యంగా రిటైనర్ తిరగేసి చూడటం.

గైడ్‌ని హెడ్‌లోకి బిగుతుగా నొక్కి కూర్చోబెడతారు, దాన్ని పట్టుకునేది ఆ బిగువొక్కటే. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. ఫిన్లకి గాలి తగలక హెడ్ మామూలు కంటే బాగా వేడెక్కితే గైడ్ చుట్టూ ఉన్న రంధ్రం పెద్దదై పట్టు వదులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాడ మీద కార్బన్ ఉంటుంది, అది పైకీ కిందకీ పోతూ వదులైన గైడ్‌ని కొంచెం కొంచెంగా పైకి లాగేస్తుంది. చివరికి వాల్వు పూర్తిగా దిగకముందే రిటైనర్ గైడ్‌కి తగిలి ఆగింది, రాడ్ వంగింది.

సుత్తితో కొట్టి దింపొచ్చు, ఇక్కడ అలా చేసి పంపేవాళ్ళూ ఉన్నారు, నేను మాత్రం చేయను. ఒకసారి వదులైన రంధ్రం మళ్ళీ పట్టుకోదు, ఒక వేసవి గడవకముందే మళ్ళీ పైకి వస్తుంది. సరైన దారులు రెండే. మెషిన్ షాపులో హెడ్ ఇచ్చి బయటి కొలత కొంచెం పెద్దగా ఉన్న గైడ్ వేయించి, దాని రంధ్రాన్ని సరైన కొలతకి తెచ్చే రీమర్ కొట్టించడం ఒకటి. లేదా మీ ఇంజన్ నంబర్‌కి సరిపోయే హెడ్, వాల్వులతో సహా కొత్తది కొనడం. మీ దేశంలో కూలీ ఎక్కువ కాబట్టి రెండోదే లాభం అనుకుంటున్నాను, రేట్లు మీరే చూసుకోండి.

పాత హెడ్‌నే గైడ్ వేయించి వాడితే వాల్వుని సీటు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే వలయం) మీద గ్రైండింగ్ పేస్ట్‌తో అరగదీయాలి. సన్నటి పేస్ట్ చాలు. చూషణ గిన్నె ఉన్న కర్రతో వాల్వుని అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్యలో ఎత్తి చోటు మారుస్తూ రుద్దితే చుట్టూ తెగకుండా బూడిద రంగు వలయం వస్తుంది. ఎక్కడైనా నల్లగా గ్యాప్ ఉంటే అక్కడ కారుతున్నట్టే. పని అయ్యాక పేస్ట్ ఒక్క రవ్వ కూడా మిగలకూడదు, మిగిలితే సిలిండర్‌ని తినేస్తుంది. స్ప్రింగ్ బిగించి, ఎగ్జాస్ట్ పోర్టులో కొంచెం కిరోసిన్ పోసి వదిలేయండి. అవతలి వైపు తడి రాకపోతే సీటు బాగా కూర్చున్నట్టు.

రాడ్‌తో పాటు ట్యాపెట్ కూడా సరిగ్గా ఉందో లేదో, కామ్ అరిగిందో లేదో చూడటం మర్చిపోకండి. అన్నీ బిగించాక ఫ్లైవీల్ తిప్పుతూ ఒక్కో వాల్వు ఎంత దిగుతోందో కొలవండి. రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా తక్కువ దిగితే కామ్ అరిగింది, అప్పుడు ఇంజన్ అడుగు విప్పాలి, అది వేరే కథ.

డాలస్_గ్యారేజ్:

హెడ్ తీస్తున్నావు కాబట్టి హెడ్ గాస్కెట్ కొత్తదే వేయి, బోల్టులు మాన్యువల్‌లో ఇచ్చిన వరసలో, ఇచ్చిన టార్క్‌కి, విడతలుగా బిగించు. టార్క్ రెంచ్ లేకపోతే ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు.

బిగించాక కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి భయపడకు. కంప్రెషన్ రిలీజ్ ఉన్న ఇంజన్‌లో ఆ గేజ్ తక్కువే చూపిస్తుంది, కొత్త ఇంజన్‌కైనా అంతే. నిజం తెలియాలంటే లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి. వాల్వులు రెండూ మూసుకున్న చోట పిస్టన్‌ని పైన నిలబెట్టి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించు. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్‌లో అయితే ఇన్‌టేక్, ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా వస్తే రింగులు. ఆ మూత దగ్గర కొంచెం గాలి మామూలే. గాలి ఎక్కిస్తే పిస్టన్ ఒక్కసారిగా కిందకి తన్నుతుంది కాబట్టి క్రాంక్‌ని గట్టిగా ఆపి పెట్టాకే ఎక్కించు, బ్లేడు దగ్గర చెయ్యి పెట్టకు.

ఒహాయో_తోటమాలి:

హెడ్ వాల్వులతో సహా కొత్తది ఆర్డర్ పెట్టాను, మెషిన్ షాపు చెప్పిన రేటు కంటే అదే తక్కువ పడింది. ట్యాపెట్ గ్యాప్ ఎలా పెట్టాలో ఒకసారి వివరంగా చెప్తారా? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు. కొందరు పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడే పెడుతున్నారు.

తెనాలి_వీడర్_మెకానిక్:

సరిగ్గా పైన ఉన్నప్పుడు పెడితే కంప్రెషన్ రిలీజ్ ఇంకా వాల్వుని కొంచెం ఎత్తి ఉండే ప్రమాదం ఉంది. అలా పెట్టిన గ్యాప్ తర్వాత ఎక్కువైపోతుంది, మళ్ళీ స్టార్టర్ ఆగే జబ్బు మొదటికొస్తుంది. ప్లగ్ రంధ్రంలో పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా పెట్టుకోండి. ఫ్లైవీల్ తిరగాల్సిన దిక్కులోనే తిప్పండి, ఇన్‌టేక్ వాల్వు దిగి లేచాక పిస్టన్ పైకి వస్తుంది, స్ట్రా పూర్తిగా లేచి ఆగుతుంది. అక్కడి నుంచి పిస్టన్ పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు కిందకి దిగేదాకా తిప్పండి. అప్పుడు రెండు వాల్వులూ నిజంగా మూసుకుని ఉంటాయి.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ఈ సైజు ఇంజన్లలో చాలావాటికి ఇన్‌టేక్ 0.003 నుంచి 0.005 అంగుళం, ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007 ఉంటుంది. మీ మోడల్ నంబర్‌తో మాన్యువల్ తీసి అందులో ఉన్న అంకే పెట్టండి, వేరే అంకె ఉంటే నా మాట పక్కన పెట్టేయండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య పెట్టి లాగితే కాస్త పట్టుకుని రావాలి, ఇరుక్కోకూడదు, వదులుగా జారకూడదు. లాక్ స్క్రూ బిగించేటప్పుడు గ్యాప్ మారుతుంది, బిగించాక మళ్ళీ గేజ్ పెట్టి చూడాల్సిందే. ఆ తర్వాత ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి అదే చోటుకి తెచ్చి ఇంకోసారి చూడండి. గ్యాప్ మరీ తక్కువ పెడితే వేడెక్కాక వాల్వు మూసుకోక అంచు కాలిపోతుంది, అందుకని ఎటూ తేల్చుకోలేకపోతే చెప్పిన హద్దులో ఎక్కువ వైపే ఉంచండి.

ఒహాయో_తోటమాలి:

అన్నా, స్టార్ట్ అయింది! కీ తిప్పగానే అందుకుంది, స్టార్టర్ ఎక్కడా తడబడలేదు. ఎగ్జాస్ట్ 0.006, ఇన్‌టేక్ 0.004 పెట్టాను, మాన్యువల్‌లో కూడా మీరు చెప్పిన హద్దులే ఉన్నాయి. లీక్‌డౌన్‌లో సైలెన్సర్, కార్బ్యురేటర్ రెండు వైపులా నిశ్శబ్దం, ఆయిల్ మూత దగ్గర కొంచెం గాలి వచ్చింది. ఫిన్లు బ్రష్ పెట్టి మొత్తం శుభ్రం చేశాను. వెనక పెరడంతా కోసేశాను, పవర్ కూడా పోయినేడాది కంటే బాగుంది. ఒక్క అనుమానం, ఐడిల్‌లో సన్నగా టిక్ టిక్ అంటోంది. ఇది మామూలేనా?

తెనాలి_వీడర్_మెకానిక్:

చాలా సంతోషం అండీ. ఆ సన్నటి టిక్ టిక్ మామూలే, ఈ ఇంజన్లలో గ్యాప్ ఉండాల్సిందే కాబట్టి ఆ మాత్రం శబ్దం ఉంటుంది. అది రోజురోజుకీ పెద్దదవుతుంటేనో, లోడ్ మీద లోతుగా టక్ టక్ అంటేనో ఆలోచించాలి. అయిదారు గంటలు కోశాక, రాత్రంతా చల్లారనిచ్చి గ్యాప్ ఇంకోసారి చూడండి, కొత్త సీట్లు కూర్చునేటప్పుడు కాస్త మారుతుంది.

ఆయిల్ మాత్రం ఇప్పుడే మార్చేయండి. స్టార్ట్ కాకుండా అన్నిసార్లు తిప్పారు కాబట్టి మండని పెట్రోల్ కొంత అందులో దిగి ఉంటుంది. పాత ఆయిల్ తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పట్టి, ఎండలో పెట్టి, ఒక అయస్కాంతం ముంచి తీయండి. దానికి మెత్తటి నల్లటి జిడ్డు అంటుకుంటే పర్వాలేదు. మెరిసే తునకలు కనిపిస్తే ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కామ్ సంగతి అప్పుడు చూద్దాం.